తలకాయ దొరకని కథ

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి అమ్మడికి,

నీ కథ అందింది. ఫోన్‌లో పంపితే నా కళ్లు ఆనవని గుర్తుపెట్టుకుని బెజవాడ నుంచి కాగితాల మీదే పంపావు, సంతోషం. రెండుసార్లు చదివాను. పిడుగురాళ్ల క్వారీలో పొక్లెయిన్ కింద రాక్షసబల్లి తలకాయ బయటపడటం, ఆ రాత్రి కాపలా ముసలాయన దుప్పటి తెచ్చుకుని దాని పక్కనే పడుకోవటం. ఆ పడుకున్న ఘట్టం జోలికి మాత్రం పోకు, అలాగే ఉంచు. పేచీ అంతా తలకాయతోనే.

పిడుగురాళ్ల సున్నపురాయిలో ఆ ఎముక దొరకదమ్మా. మా పుట్టింటి వసారాలో పరిచిన మాచర్ల నాపరాళ్లదీ అదే వరస. లోతులేని సముద్రం అడుగున పొర మీద పొరగా పేరుకున్న సున్నం అది. రాక్షసబల్లుల మాట అటుంచు, వెన్నెముక ఉన్న ప్రాణే పుట్టని రోజులవి. పోనీ కథని దుర్గమ్మ కొండకో మంగళగిరికో తరలిద్దామంటే అక్కడ మరీ కష్టం. అవి ఖోండలైట్ కొండలు. 100 కోట్ల ఏళ్లు దాటిన రాయి, భూమి లోతుల్లో ఉడికి, నలిగి పైకొచ్చింది. ఆ వేడికి ఏ ఎముకా మిగలదు.

‘కథే కదా అత్తయ్యా’ అంటావు. నేనూ అన్నాను. మొదట్లో మిర్చి యార్డు మీద ఓ కథ రాసి, పేజీకి నాలుగుచోట్ల ‘బస్తా’ అని పెట్టాను. అచ్చయ్యాక ఒక ముఠా మేస్త్రి చదివించుకుని విన్నాడట. ‘ఈవిడెప్పుడూ యార్డులోకి రాలేదు, మేం టిక్కీ అంటాం’ అన్నాడట. అంతే. నేను ఏడ్చి రాసిన చావు ఘట్టం ఆయన్ని కదపలేదు. టిక్కీ దగ్గరే ఆయన కథలోంచి లేచి వెళ్లిపోయాడు.

నీకు కావలసిన ఎముకలు గోదావరి అవతల ఉన్నాయి. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే లోయలో, కోట అనే ఊరి పేరుతో పిలిచే రాతి పొరలు. జురాసిక్ కాలానివి. అక్కడా సున్నపురాయి ఉంది, కానీ అందులో పేరున్నవి చేపలు, గట్టి మెరుగు పొలుసులున్న పాతకాలపు చేపలు. పెద్ద జంతువులు దొరికింది దాని కిందున్న ఇసుకరాయిలో, బంకమట్టి పొరల్లో. అక్కడ ముందు ఏరు పారింది, తరవాత మడుగు నిలిచింది అన్నమాట. నీ పొక్లెయిన్ సున్నపురాయి దాటి ఇంకా కిందికి దిగాలి.

అసలు పొక్లెయినే వద్దు. కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 1960 ప్రాంతంలో అక్కడ తవ్వారు. ఒక్క తొడ ఎముకే 1.7 మీటర్లు, నీకంటే పొడుగు. పెద్దకాలుది అని బెంగాలీలో ‘బడా పా’ అన్నారు. 1961 రవీంద్రుని శతజయంతి ఏడు. ఆ రెండూ కలిపి 1975లో బారాపాసారస్ టాగోరై అని పేరు ఖాయం చేశారు. సుమారు 300 ఎముకలు, కనీసం ఆరు జంతువులవి. వాటితోపాటే రాయైపోయిన పెద్దపెద్ద చెట్ల మానులు. మంద మొత్తం వరదలో చనిపోయి చెట్లతో కలిసి కొట్టుకొచ్చి ఉంటుందని పరిశోధకుల ఊహ.

మరి తలకాయ? ఒక్కటీ లేదు! కొన్ని పళ్లు దొరికాయి, అంతే. ఈ జాతి పొడుగుమెడ జంతువులకి పుర్రె చిన్నది, పల్చటిది, మెడకి గట్టిగా అతుక్కుని ఉండదు. చచ్చాక మొదట ఊడిపోయేది అదే. ఆదిలాబాద్ వైపు యామన్‌పల్లిలో దొరికిన కోటసారస్ అనే రాక్షసబల్లికీ పుర్రె లేదు. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్లో నిలబెట్టింది దాన్నే. వెళ్లినప్పుడు తల వైపు కాస్త ఎక్కువసేపు చూడు.

ఇప్పుడు నీ కథకొద్దాం. నువ్వు మొదటి పేజీలోనే తలకాయ ఇచ్చేశావు, కోరలతో సహా. ఇవ్వకు. ముసలాయన పక్కన తొడ ఎముక ఉంటే చాలు. తల ఎక్కడుందో ఆయన్నే ఆలోచించుకోనీ, రాత్రంతా ఉందిగా.

ఇంకోటి. నీ కథలో ఎముకని ఊడబెరికి ఆటోలో వేశారు. అలా పెరికితే ముక్కలవుతుంది. చుట్టూ మట్టి తీసి, ఏ ఎముక ఏ దిక్కున పడుందో కాగితం మీద గీసుకుని, గోనెపట్టా ప్లాస్టర్‌లో ముంచి, విరిగిన కాలికి కట్టు కట్టినట్టు కట్టాకే కదుపుతారు. ఆ గీసుకోవటం వల్లే వరద సంగతి ఊహకందింది. రాయికీ ఎముకకీ తేడా తెలియకపోతే కొందరు నాలిక ఆనిస్తారు. ఎముకలోని సన్నటి చిల్లుల వల్ల నాలిక అతుక్కుంటుంది. మీ ముసలాయన చేత ఈ పని చేయించవచ్చు. నాకైతే రాయబుద్ధేస్తోంది, కానీ కథ నీది.

ఆ లోయ వైపు పోవాలంటే, విజయవాడ స్టేషన్లో కాజీపేట మీదుగా బల్లార్షా వైపు పోయే రైలెక్కితే మంచిర్యాలలో దిగొచ్చు. వానలు తగ్గాక వెళ్లు. తొందరపడి ఇప్పుడే తిరగరాయకు.

ఈలోగా ఓ ఆదివారం ఇటు రా. పుట్టింటి నుంచి తెచ్చుకున్న నాపరాయి ఒకటి పెరట్లో అంట్లు తోమే చోట ఉంది. దాని మీద ఆకులాంటి నల్లటి అచ్చు ఉంటుంది. చిన్నప్పుడు దాన్ని ఏ కాలంనాటి ఆకో అనుకుని, పలక మీద అచ్చుదించుకుని బడికి పట్టుకెళ్లాను. అది ఆకు కాదు, రాతి పగుళ్లలోకి దిగిన మాంగనీసు మరక. ఒక మూల మేకుతో గీకి, ఆ పొడి మీద నిమ్మరసం పిండితే సన్నగా నురగ వస్తుంది. నిమ్మకాయలు చెట్టునే ఉన్నాయి, నువ్వు తేనక్కర్లేదు.

ఆశీస్సులతో,
అత్తయ్య