హెడ్ స్టడ్ల దగ్గర కూలెంట్ కారుతోంది, మెకానిక్‌పై కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది దేవరకొండ. నా పాత పెట్రోల్ కారుకు హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకూ పైనుండే హెడ్‌కూ మధ్య సీల్) పోతే నల్గొండలో ఒక షెడ్డులో ఇచ్చాను. పాత బోల్టులు సాగిపోయాయి, స్టడ్లు (బ్లాకులో బిగించి, పైన నట్ వేసే థ్రెడ్ల కడ్డీలు) వేద్దామని మెకానిక్ చెబితే హైదరాబాద్ రాణిగంజ్ వెళ్లి నేనే కొనుక్కొచ్చాను. హెడ్ ఫేసింగ్ (అడుగు చదును) చేయించి ఆయనే బిగించాడు. ఫోన్‌పేలో 33,000 కట్టాను, ఇంకో 5,000 బాకీ. బిల్లు ఇవ్వలేదు. నెల తిరగకముందే కూలెంట్ తగ్గడం మొదలైంది, రెండు స్టడ్ల నట్ల దగ్గర తడి కనిపిస్తోంది. ఇంకో మెకానిక్ చూసి ‘సీలెంట్ పెట్టకుండా బిగించిండ్రు, హెడ్ దించాల్సిందే’ అన్నాడు. మొదటాయన్ని అడిగితే ‘నువ్వు తెచ్చిన స్టడ్లే మంచిగ లేవు, వేడెక్కినా నడిపినవ్’ అంటున్నాడు. షెడ్డులో ‘పనికి గ్యారంటీ లేదు’ అని బోర్డు కూడా ఉంది. కేసు నిలబడుతుందా? చీటింగ్ కేసు పెట్టొచ్చా?

జవాబు: వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. అయితే హెడ్ ఇంకా దించకపోతే ఇప్పుడే దించనివ్వకండి. మీకు కావాల్సిన సాక్ష్యం దాని కిందే ఉంది. రెండో మెకానిక్ విప్పి, శుభ్రంగా కడిగి, కొత్త గ్యాస్కెట్ వేసి బిగించాక కమిషన్ ముందు చూపించడానికి మీ దగ్గర మాటలు తప్ప ఏమీ మిగలవు. సేవలో లోపం ఉందని రుజువు చేయాల్సింది ఫిర్యాదుదారే అని సుప్రీంకోర్టు 2021లో కూడా స్పష్టంగా చెప్పింది.

రెండో మెకానిక్ మాటనే పూర్తిగా నమ్ముకోవద్దని కూడా చెబుతున్నాను. స్టడ్ రంధ్రాలు అన్ని ఇంజన్లలో ఒకేలా ఉండవు. కొన్నిట్లో రంధ్రం బ్లాకు లోపలి వాటర్ జాకెట్ (కూలెంట్ తిరిగే దారి) దాకా దూసుకెళ్తుంది. అక్కడ థ్రెడ్లు శుభ్రం చేసి, టెఫ్లాన్ కలిసిన సీలెంట్ లాంటిది పట్టించి, అది గట్టిపడకముందే బిగించాలి. లేకపోతే కూలెంట్ థ్రెడ్ల వెంట పైకి పాకి నట్ దగ్గర తేలుతుంది. మీరు చెప్పిన లక్షణం దీనికి సరిపోతోంది. కానీ అడుగు మూసి ఉన్న రంధ్రాలైతే సీలెంట్‌తో పనే లేదు. పైగా అందులో నూనో నీళ్లో నిలిచి ఉండగా బిగిస్తే టార్క్ (బిగింపు బలం) తప్పుగా చూపిస్తుంది, బ్లాకు పగిలే ప్రమాదం కూడా ఉంది. అసలు తడి స్టడ్ల నుంచే రావాలని లేదు. హెడ్ సమంగా లేకపోయినా, పగులున్నా, నట్లను వరుస ప్రకారం విడతలుగా బిగించకపోయినా కారుతుంది. అవతలి వకీలు అడిగే మొదటి ప్రశ్న ఇదే: ‘ఈ ఇంజన్‌కు సీలెంట్ పెట్టాలని ఎక్కడ రాసి ఉంది?’ అందుకే మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో హెడ్ బిగించే పేజీలు, స్టడ్ల ప్యాకెట్‌లో వచ్చిన సూచనల కాగితం ముందే సంపాదించండి. ఆ కాగితం పారేసి ఉంటే కొన్న షాపులో అడగండి.

తర్వాత మెకానిక్‌కు రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఫలానా రోజు, ఫలానా చోట హెడ్ విప్పిస్తున్నాం, మీరు వచ్చి చూడండి అని అందులో రాయాలి. ఆయన రాకపోతే ఆ విషయమే మీకు పనికొస్తుంది. ఆటోమొబైల్ చెప్పే పాలిటెక్నిక్ లెక్చరర్‌నో, మోటారు వాహనాల ఇన్సూరెన్స్ సర్వేయర్‌నో పిలిచి రాతపూర్వకంగా రిపోర్టు తీసుకోండి. విప్పే ముందు కూలింగ్ సిస్టమ్‌కు ప్రెషర్ టెస్ట్ చేయించి, ఎక్కడి నుంచి కారుతోందో వీడియో తీయండి. స్టడ్లకు వరుస నంబర్లు వేసి, తుడవకుండా సంచిలో కట్టిపెట్టండి. కింది థ్రెడ్లలో తుప్పు, కూలెంట్ మరక, సీలెంట్ ఆనవాలు ఉన్నాయా లేవా అన్న దాని మీదే మీ కేసు నడుస్తుంది. అంత ఖర్చు పెట్టుకోలేకపోతే ముందు ఫిర్యాదు వేసి, నిపుణుడి రిపోర్టు తెప్పించమని కమిషన్‌నే అడగొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 ఆ అధికారం ఇచ్చింది. కాకపోతే అప్పటిదాకా బండి కదలదు.

ఎలాగైనా బండి మాత్రం నడపకండి. డిప్‌స్టిక్ తీసి చూడండి, ఆయిల్ పాలు పోసిన చాయ్ రంగులో ఉంటే కూలెంట్ అందులో కలిసినట్టే, బేరింగులు కూడా పోతాయి. ‘వేడెక్కినా నడిపినవ్’ అన్న వాదనకు అప్పుడు బలం వస్తుంది. నష్టం పెరగకుండా చూసుకునే మార్గం ఉండి కూడా వదిలేశారా అన్నది కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 కింద లెక్కలోకి వస్తుంది.

స్టడ్లు మీరే తెచ్చారన్నది పెద్ద అడ్డంకి కాదు. మీకు మెకానిక్ అమ్మింది బిగించే నైపుణ్యం, లోపం అందులో ఉంటే బాధ్యత ఆయనదే. స్టడ్లే నాసిరకమని రిపోర్టులో తేలితే రాణిగంజ్ షాపునూ ప్రతివాదిగా చేర్చండి. ఏది తేలుతుందో ముందు తెలియదు కాబట్టి ఇద్దర్నీ చేర్చడమే నాకు నచ్చే పద్ధతి. అందుకోసం హైదరాబాద్ పోనక్కర్లేదు. ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేసుకునే వీలు 2019 చట్టం ఇచ్చింది కాబట్టి నల్గొండ జిల్లా కమిషన్ సరిపోతుంది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. కారణం ఏర్పడిన రోజు నుంచి 2 ఏళ్లలోగా వేయాలి. నోటీసు అందాక అవతలివాళ్లు 30 రోజుల్లో జవాబివ్వాలి, మహా అయితే ఇంకో 15 రోజులు. అంతకు మించి గడువు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో తేల్చింది. కేసు మాత్రం అంత త్వరగా తేలుతుందని అనుకోకండి.

బోర్డు సంగతి చెప్పాలంటే, ‘గ్యారంటీ లేదు’ అని గోడకు రాసినంత మాత్రాన పని సరిగా చేయాల్సిన బాధ్యత పోదు. బిల్లు ఇవ్వకపోవడాన్ని చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది, ఫిర్యాదులో అదీ రాయండి. ఫోన్‌పే చెల్లింపు, వాట్సాప్ మెసేజ్‌లు బిల్లు లోటు తీరుస్తాయి. ప్రింట్లతో పాటు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇచ్చే సర్టిఫికెట్ జత చేయండి, ఆ ఫోన్ మార్చకండి.

చీటింగ్ కేసు ఆలోచన మానుకోండి. మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించాలి, చేతకాని పని దాని కిందికి రాదు. బాకీ 5,000 ఎందుకు ఆపారో నోటీసులోనే రాయండి. ఆ డబ్బు కోసం ఆయన ఇప్పుడు బండి పట్టుకుపోలేడు. కూలి ముట్టేదాకా వస్తువు ఆపుకునే హక్కు కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 కింద మెకానిక్‌కు ఉంటుంది కానీ, బండి మీ చేతికి ఇచ్చేసినప్పుడే అది పోయింది. అందుకే మళ్లీ రిపేరుకని ఆయన షెడ్డులోనే బండి వదలకండి.