చిరాకు ఎక్కడి నుంచి వస్తోందో చూసుకో

తల్లీ,

ఊరికే కోపం, ఊరికే ఏడుపు వస్తున్నాయని, ఏమైందో నీకే తెలియడం లేదని రాశావు. "ఈ వయసులో మామూలే" అని కొట్టిపారేయనులే. ఆ మాట వింటే నాకూ అప్పట్లో ఒళ్లు మండేది.

ఒళ్లు తెచ్చే చిరాకు వేరు, మనుషులు తెచ్చే బాధ వేరు. రెండూ కలగాపులగం అవడం వల్లే ఇంత టెన్షన్. ఒక నోట్‌బుక్ పెట్టుకో. పీరియడ్ వచ్చిన తేదీ, రాత్రి ఎప్పుడు పడుకున్నావు, ఆ రోజు మనసెలా ఉంది, రోజుకో లైను చాలు. రెండు మూడు నెలలయ్యేసరికి నీకే తెలుస్తుంది, చిరాకు పీరియడ్‌కు ముందు రోజుల్లోనా, నిద్ర చాలని మర్నాడా, లేక ఫలానా మనిషి మాట్లాడినప్పుడా అని.

ఒంటి సంగతైతే తేలికే. మొదటి రెండేళ్లు పీరియడ్స్ లెక్కగా రావు. 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా కంగారు పడకు. పొత్తికడుపు నొప్పికి వేడినీళ్ల బ్యాగు పెట్టుకో. స్కూలు బ్యాగులో రెండు ప్యాడ్లు, ఒక జత లోదుస్తులు ఎప్పుడూ ఉంటే సగం భయం అక్కడే పోతుంది. వారం దాటినా బ్లీడింగ్ ఆగకపోయినా, గంటా రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోతున్నా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. ఈ వయసులో రాత్రి త్వరగా నిద్ర పట్టదు, అది బద్ధకం కాదు. అయినా 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పడుకునేటప్పుడు ఫోన్ వేరే గదిలో పెట్టు. నీకు నచ్చదని తెలిసే చెబుతున్నా.

మనుషుల సంగతే కష్టం. 8 నుంచి 13 ఏళ్ల లోపు ఎదుగుదల ఎప్పుడు మొదలైనా సరైనదే, కానీ తోటివాళ్ల కంటే ముందు ఎదిగిన పిల్ల మీదే అందరి చూపూ పడుతుంది. ఎవరైనా కామెంట్ చేస్తే "నా ఒంటి గురించి మాట్లాడొద్దు" అని ఒక్కసారి చెప్పు. ఆపకపోతే ఓర్చుకోకు, అమ్మకో టీచర్‌కో చెప్పెయ్.

అమ్మతో ఎదురెదురుగా కూర్చుని చెప్పడానికి నోరు రాకపోతే, పక్కన ఏదో పని చేస్తూ చెప్పు. అదీ కాదంటే చీటీ రాసి దిండు కింద పెట్టు. "సలహా వద్దమ్మా, వింటే చాలు" అని ముందే అనెయ్. మా అమ్మలందరికీ సలహాల జబ్బు ఉంటుంది, ఈ ఉత్తరమే చూడు!

ఒక్కటి మాత్రం నోట్‌బుక్‌లో దాచుకోకు. రెండు వారాలుగా దిగులు వదలకపోయినా, బతకాలని లేదనిపించినా, ఆ రోజే చెప్పాలి. అమ్మ లేకపోతే నాకు ఫోన్ చెయ్, అర్ధరాత్రయినా ఎత్తుతాను.

నీ పెద్దమ్మ