అమ్మాయికి ఈఈఈనా, సోలార్ కోర్సా? రామగుండం చూసి తేల్చుకోండి

ప్రశ్న: మాది గోదావరిఖని. నేను సింగరేణి గనిలో పని చేస్తున్నాను. మా అమ్మాయి ఎంపీసీతో ఇంటర్ పూర్తి చేసి ఎప్‌సెట్ కౌన్సెలింగ్ కోసం ఎదురుచూస్తోంది. కరెంటు తయారయ్యే చోట ఉద్యోగం చేయాలని తన కోరిక. బొగ్గు పని అయిపోయిందని, సోలార్ పేరుతో వచ్చిన కొత్త బీటెక్ కోర్సులో చేర్చమని బంధువులు అంటున్నారు. ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్), మెకానికల్, ఆ కొత్త కోర్సు, వీటిలో ఏది మేలు? బొగ్గు, నీరు, గాలి, ఎండ, వీటి నుంచి కరెంటు వచ్చే తీరులో అంత తేడా ఉందా?

జవాబు: మీరు చివర అడిగిన దానికి సమాధానం దొరికితే ముందు అడిగినది చాలావరకు దానంతటదే తేలిపోతుంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. వెనుకటి సైకిళ్లకు డైనమో ఉండేది, మీకు గుర్తుండే ఉంటుంది. లైటు కోసం దానిని టైరుకు ఆనించగానే పెడలు బరువెక్కేది. ఆ బరువులోనే విషయమంతా ఉంది. తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే తీగలో విద్యుత్తు పుడుతుందని మైకేల్ ఫారడే 1831లో కనుగొన్నాడు. అయితే ఆ విద్యుత్తును వాడుకోవడం మొదలుపెట్టగానే అది ఆ కదలికను వెనక్కి లాగుతుంది. ఆ లాగుడును తట్టుకుని ఇరుసును తిప్పుతూనే ఉండటానికి సైకిల్ మీద మన కాళ్లు పనిచేస్తే, విద్యుత్ కేంద్రంలో ఆ పనిని బొగ్గు, నీరు, గాలి చేస్తాయి.

మీ ఊరి పక్కనే ఉన్న రామగుండం ఎన్టీపీసీని తీసుకోండి. గని నుంచి వచ్చిన బొగ్గును మిల్లులలో పిండిలా నూరి, గాలితో కలిపి ఫర్నేసులోకి ఊదుతారు. ఫర్నేసు గోడలే నీటి గొట్టాలు. అక్కడ పుట్టిన ఆవిరిని దాదాపు 540 డిగ్రీల దాకా వేడిచేసి టర్బైన్ రెక్కల మీదికి వదిలితే, ఇరుసు నిమిషానికి 3,000 సార్లు తిరుగుతుంది, దానికి జోడించిన జనరేటర్ విద్యుత్తును ఇస్తుంది. 500 మెగావాట్ల యూనిట్ ఒకటి పూర్తి స్థాయిలో నడిస్తే గంటకు 300 టన్నులకు పైగా బొగ్గు కావాలి. అంత బొగ్గు కాల్చినా, అందులోని వేడిలో నూటికి 35 నుంచి 40 వంతులే విద్యుత్తుగా మారతాయి. మిగిలిన దానిలో ఎక్కువ భాగం, పని ముగించుకున్న ఆవిరిని తిరిగి నీరుగా మార్చేటప్పుడు కూలింగ్ టవర్ మీదుగా ఆకాశంలో కలిసిపోతుంది. మీరు రోజూ చూసే ఆ తెల్లని మబ్బు అదే.

అణు విద్యుత్ కేంద్రంలో ఫర్నేసు స్థానంలో యురేనియం వేడినిస్తుంది, తరువాతి కథంతా ఆవిరిదే. నాగార్జునసాగర్‌లో ఆవిరి అవసరం లేకుండా, పై నుంచి పడే నీరే టర్బైన్‌ను తిప్పుతుంది, అందుకే అక్కడ నష్టం చాలా తక్కువ. అనంతపురం గుట్టల మీది గాలిమరలలో గాలికి రెక్కలు నెమ్మదిగా తిరిగి, వాటితో పాటు ఇరుసును తిప్పుతాయి. అంటే ఇంధనం ఏదైనా, చివరకు ఒక ఇరుసు తిరగవలసిందే.

ఎండ ఒక్కటే ఈ వరుసలో చేరదు. సోలార్ పలకలో తిరిగే భాగమేదీ లేదు. వెలుతురు తగిలినప్పుడు సిలికాన్ పొరల మధ్య ఎలక్ట్రాన్లు కదిలి నేరుగా డీసీ విద్యుత్తు (ఒకే దిశలో ప్రవహించేది) వస్తుంది, దానిని మన ఇళ్లకు వచ్చే ఏసీ విద్యుత్తుగా (దిశ మార్చుకుంటూ ఉండేది) మార్చే పని ఇన్వర్టర్‌ది. రామగుండం రిజర్వాయరు మీద 2022లో పూర్తయిన 100 మెగావాట్ల తేలియాడే సోలార్ కేంద్రంలో 2.5 మెగావాట్ల చొప్పున 40 బ్లాకులు ఉన్నాయి. ఒక్కొక్క బ్లాకుకు 11,200 పలకలు, వాటితో పాటు నీటి మీదే తేలే ఒక వేదిక, ఆ వేదిక మీద ఇన్వర్టర్, ట్రాన్స్‌ఫార్మర్, బ్రేకర్ ఉంటాయి. పలకలు అమర్చాక వాటితో ఉండే పని శుభ్రం చేయడం, పాడైనవి గుర్తించి మార్చడం వరకే. ఇంజినీరుకు రోజువారీ పని ఆ వేదిక మీద ఉంది, అది పూర్తిగా ఈఈఈ చదువు.

ఈఈఈని నేను ముందు పెట్టడానికి దీనికంటే బలమైన కారణం గ్రిడ్, అంటే విద్యుత్ కేంద్రాలన్నిటినీ కలిపే తీగల వల. నిమిషానికి 3,000 చుట్లు అంటే సెకనుకు 50, మన కరెంటు ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్‌గా ఉండటం దాని వల్లే. 2013 డిసెంబరు 31న దక్షిణ గ్రిడ్ కూడా జాతీయ గ్రిడ్‌తో కలిసినప్పటి నుంచి దేశంలోని పెద్ద జనరేటర్లన్నీ ఒకే లయలో తిరుగుతున్నాయి. సాయంత్రం ఇళ్లలో లైట్లు, ఏసీలు ఒక్కసారిగా వేస్తే, డైనమో ఆనించిన సైకిల్ లాగే ఆ ఇరుసులన్నీ కొద్దిగా బరువెక్కి వేగం తగ్గుతాయి, కంట్రోల్ రూమ్‌లో మీటరు 49.9కి జారుతుంది. సరిగ్గా అదే సమయానికి సోలార్ ఆగిపోతుంది. ఆ లోటును పూడ్చడానికే శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరు, కరెంటు మిగిలినప్పుడు నీటిని పైకి తోడి, అవసరమైనప్పుడు అదే నీటితో విద్యుత్తునిచ్చేలా కట్టారు. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కూడా ఈ ఆలోచనతో వచ్చినదే. సోలార్ ఎంత పెరిగితే నిల్వ, ఇన్వర్టర్లు, గ్రిడ్ అదుపు తెలిసినవారి అవసరం అంత పెరుగుతుంది.

బొగ్గు పని అయిపోయిందన్న మాటను నేను ఒప్పుకోను. మీ పక్కనే 800 మెగావాట్ల యూనిట్లు రెండు ఈ మధ్యనే మొదలయ్యాయి. ఒక థర్మల్ యూనిట్ కనీసం పాతికేళ్లు నడిచేలా కడతారు, రామగుండం మొదటి యూనిట్ వచ్చింది 1983లో. కాబట్టి బాయిలర్, టర్బైన్, పంపులు అంటే మీ అమ్మాయికి నిజమైన ఇష్టముంటే మెకానికల్ కూడా మంచి చదువే. అయితే ప్లాంటులో షిఫ్టులు, వేడి, దుమ్ము ఉంటాయని ముందే చెప్పండి. గని షిఫ్టు ఎలాంటిదో తెలిసిన మీకంటే బాగా ఆ మాట ఎవరూ చెప్పలేరు.

సోలార్ పేరున్న బీటెక్‌ను మాత్రం ఇప్పుడే వద్దంటాను. అందులో చెప్పే పాఠాలు చెడ్డవని కాదు. ఎన్టీపీసీ, న్యూక్లియర్ పవర్ కార్పొరేషన్ వంటి సంస్థలు గేట్ (ఇంజినీరింగ్ పట్టభద్రులకు జాతీయ స్థాయిలో జరిగే పరీక్ష) ద్వారా ట్రెయినీలను తీసుకునేటప్పుడు అర్హత ఉన్న బ్రాంచీల పేర్లను నోటిఫికేషన్‌లో రాస్తాయి. కొత్త పేరుతో ఉన్న డిగ్రీ ఆ జాబితాలో లేకపోతే, నాలుగేళ్లు చదివిన పిల్ల దరఖాస్తు దగ్గరే ఆగిపోవలసి వస్తుంది. బీటెక్‌లో ఈఈఈ చదివి, సోలార్ మీద మనసు అప్పటికీ అలాగే ఉంటే ఎంటెక్‌లో పవర్ ఎలక్ట్రానిక్స్ తీసుకోవచ్చు.

ఆప్షన్లు పెట్టే లోపు రెండు పనులు చేయించండి. ఇంటర్ భౌతికశాస్త్రంలో విద్యుదయస్కాంత ప్రేరణ, ఏకాంతర విద్యుత్ ప్రవాహం అనే అధ్యాయాలను, తరువాత ఉష్ణగతిక శాస్త్రాన్ని మార్కుల ఆలోచన లేకుండా మరొకసారి చదవమనండి. మొదటి రెండూ తనను కూర్చోబెడితే ఈఈఈ, మూడోది లాగితే మెకానికల్. ఇక రెండో పని, జెన్‌కో, ట్రాన్స్‌కో, ఎన్టీపీసీల పాత నోటిఫికేషన్లు నాలుగైదు తీసి, అర్హత కింద ఏ బ్రాంచీలు ఉన్నాయో తన చేతనే ఒక కాగితం మీద రాయించండి. ఆ కాగితాన్ని, కొత్త కోర్సు ఉన్న కాలేజీ బ్రోచరును పక్కపక్కన పెట్టుకుని మీ ఇంట్లో మాట్లాడుకోండి.