ఆ ఉత్తరాలు ఎవరికి రాశారో ఆయననే అడగండి

‘మా ఆయన 1987 నుంచి రెండేళ్లు శ్రీలంకలో, మన శాంతి పరిరక్షక దళంలో ఉన్నారు. అక్కడి నుంచి రాసిన నలభై ఒక్క ఉత్తరాలూ మా అత్తగారి పేరనే. కొత్త కోడలినైన నా పేర ఒక్కటీ లేదు. ఆమెకు చదువు రాదు కాబట్టి నేనే చదివి వినిపించేదాన్ని. మొన్న ఆవిడ పోయాక ట్రంకు పెట్టెలో అన్నీ బయటపడ్డాయి. ఫొటోలు తీసి బంధువులందరికీ పంపుతానంటోంది మా అమ్మాయి. నాకు మాత్రం తగలబెట్టాలని ఉంది. ఏం చేయమంటారు?’

తగలబెట్టకండి. అమ్మాయికీ ఇవ్వకండి. దాని గురించి ఇంతకంటే చెప్పడానికేమీ లేదు.

మీ కోపం అత్తగారి మీద అనుకుంటున్నారు. పోయినవారి మీద కోపం తేలిక, ఎదురు జవాబు రాదు. మీ లెక్క తేలవలసింది వసారాలో కూర్చున్న మనిషితో.

మీరు నాకు పంపిన ఉత్తరం నకలు మళ్లీ చూడండి. ‘అమ్మకు నమస్కరించి వ్రాయునది. నేనిక్కడ క్షేమం.’ పాడి గేదె, కౌలు బాకీ, తమ్ముడి పరీక్ష. మడత పెట్టే అంచు మీద, చోటు చాలక ఇరికించిన అక్షరాల్లో: ‘దీపం బుడ్డి దగ్గర చదవవద్దు, కళ్లు పాడవుతాయి.’ అక్షరం ముక్క రాని తల్లికి ఆ మాట ఎందుకమ్మా? గొంతెత్తి చదువుతూ ఆ వాక్యం దగ్గర మీరేం చేశారు? ఆమెకు వినిపించారా, మింగేశారా?

ఉమ్మడి ఇంట్లో పెళ్లానికి విడిగా ఉత్తరం రాస్తే నలుగురూ ఏమంటారో మీకూ తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా ఆయనను వెనకేసుకురాను. అప్పటి బిడియం సరే, 1990 తర్వాత ఇన్నేళ్లు ఏ అడ్డముంది? భార్యకు ఒక మాట బాకీ పడితే తీర్చవలసిందే. అడగడం మీకేమీ చిన్నతనం కాదు.

కానీ మీరూ అడగలేదు. అత్తగారు చెబుతుంటే జవాబులు రాసింది మీ చెయ్యే కదా, మీ మాటగా ఒక్క వాక్యమైనా కలిపారా? 1987 అక్టోబరులో శ్రీలంకలోని జాఫ్నాలో తమిళ పులులతో మన దళం పోరు మొదలయ్యాక నెలన్నర ఉత్తరం రాలేదని, రేడియో ముందు కూర్చున్నానని రాశారు. ఆ నెలన్నర ఎలా గడిచిందో ఆయనకు ఎప్పుడైనా చెప్పారా? ఆ సైన్యంలో దాదాపు 1,200 మంది తిరిగి రాలేదు. 1990 మార్చిలో చివరి దళాలు మద్రాసు రేవులో దిగితే, అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి స్వాగతానికి వెళ్లలేదు. అక్కడేం చూశావని వాళ్లను అడిగినవారే తక్కువ. దీపావళి టపాసులకు ఆయన తలుపులు వేసుకుని లోపల కూర్చుంటారని ఒక్క ముక్కలో రాసి వదిలేశారు మీరు. నా మనసు అక్కడే ఆగిపోయింది. దానికి అవసరమైతే మానసిక వైద్యుణ్ణి కలవండి, ఇప్పుడైనా మించిపోలేదు.

ముందు ఈ పని చేయండి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ ఉత్తరం ఆయన చేతికివ్వండి. ఇన్నాళ్లూ మీరు చదివారు, ఈసారి ఆయన చదవాలి, మీరు వినాలి. మడత అంచు దగ్గరికి వచ్చి ఆగిపోతే తొందరపెట్టకండి. పక్కనే కూర్చోండి.