టెక్ సందేహాలు: ఒకరి కంప్లైంట్ ఇంకొకరికి కనిపిస్తోందా?

*సార్, కూకట్‌పల్లిలో మాకు వాటర్ ప్యూరిఫైయర్ల సర్వీస్ సెంటర్ ఉంది. నాలుగేళ్ల కిందట ఒక కుర్రాడు ఓఎస్‌టికెట్ (ప్రతి కంప్లైంట్‌ను ఒక నంబరున్న 'టికెట్'గా నమోదు చేసే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ చేసి, కంప్లైంట్ ఎంతవరకు వచ్చిందో కస్టమర్లు చూసుకునేలా విడిగా ఒక పేజీ రాసిచ్చాడు. ఇప్పుడతను ఫోన్ ఎత్తడం లేదు. మొన్న ఒక కస్టమర్ ఫోన్ చేసి, అడ్రస్ బార్‌లో టికెట్ నంబర్ మారిస్తే వేరేవాళ్ల ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు కనిపిస్తున్నాయని చెప్పారు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే సరిపోతుందా?*

సరిపోదండి. ముందు ఆ కస్టమర్‌కు థాంక్స్ చెప్పండి. తర్వాత ఆ పేజీని ఈ రోజే బంద్ చేయండి. అది మీ కుర్రాడు సొంతంగా రాసిన పేజీ కాబట్టి, ఓఎస్‌టికెట్‌ను ఎన్నిసార్లు అప్‌డేట్ చేసినా ఆ లోపం అలాగే ఉంటుంది. నాలుగు రోజులు కస్టమర్లు ఫోన్ చేసి కనుక్కుంటారు, పర్వాలేదు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల అడ్రసు, మెకానిక్ వచ్చే టైముతో సహా బయటపడటం అంతకంటే చాలా పెద్ద సమస్య.

నంబర్ అడగగానే ఆ పేజీ టికెట్ చూపించేస్తోంది. అడిగిన మనిషిదేనా ఆ టికెట్ అని ప్రతిసారీ సర్వర్ చూసుకోవాలి. లాగిన్ పెట్టించండి, లేదా కంప్లైంట్ ఇచ్చిన ఫోన్‌కే ఓటీపీ పంపే ఏర్పాటు చేయించండి. వరుస నంబర్లకు బదులు పొడవాటి నంబర్లు ఇస్తే చాలని కొందరు డెవలపర్లు అంటారు. ఒప్పుకోకండి. ఆ లింకు వాట్సాప్‌లో ఎవరికైనా వెళ్లిందంటే మళ్లీ కథ మొదటికే వస్తుంది. ఎటూ కోడ్ తెరుస్తున్నారు కాబట్టి, బయటి నుంచి వచ్చిన నంబర్‌ను డేటాబేస్‌కు పంపే ఆదేశంలో (క్వెరీలో) నేరుగా అతికించారేమో కూడా చూడమనండి. అలా ఉంటే నంబర్ బదులు తమ సొంత ఆదేశం పెట్టి (దీన్ని ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అంటారు) మొత్తం డేటాబేస్ లాగేయొచ్చు. వచ్చిన నంబర్‌ను ఆదేశంలో కలపకుండా విడిగా పంపే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లుగా మార్పించండి.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. హెల్ప్‌డెస్క్‌లో (ఓఎస్‌టికెట్ లాంటి కంప్లైంట్ల సాఫ్ట్‌వేర్‌లో) ముక్కూమొహం తెలియనివాళ్లు రాస్తారు, మీ స్టాఫ్ లాగిన్ అయి ఉండి చదువుతారు. ప్రమాదమంతా అక్కడే ఉంది. 'ఫిల్టర్ లీక్ అవుతోంది' అని రాయాల్సిన చోట ఎవరైనా జావాస్క్రిప్ట్ (బ్రౌజర్‌లో నడిచే కోడ్) ముక్క పెట్టారనుకోండి. సాఫ్ట్‌వేర్ దాన్ని మామూలు అక్షరాలుగా మార్చకుండా చూపిస్తే, టికెట్ తెరిచిన అమ్మాయి బ్రౌజర్‌లోనే అది నడుస్తుంది. ఆమె అడ్మిన్ అయితే ఆమె అధికారాలన్నీ దానికి దక్కుతాయి. దీన్ని స్టోర్డ్ ఎక్స్‌ఎస్‌ఎస్ అంటారు. అందుకే రోజూ టికెట్లు చూసేవాళ్లకు అడ్మిన్ అకౌంట్ ఇవ్వకండి. అడ్మిన్ లాగిన్ విడిగా పెట్టి, టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే ఏర్పాటు) ఆన్ చేయండి. అటాచ్‌మెంట్లలో ఫొటోలు, పీడీఎఫ్‌లు తప్ప వేరేవి తీసుకోవద్దు. అప్‌లోడ్ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ ఫైళ్లు (సర్వర్ మీద నడిచే ప్రోగ్రాములు) నడవకుండా ఆపించండి.

ఇక అప్‌డేట్. ఫైళ్లు, డేటాబేస్ రెండింటికీ బ్యాకప్ తీసి, ముందు కాపీ మీద చేసి చూడండి. పని పూర్తయ్యాక సెటప్ ఫోల్డర్ తీసేయండి. కాన్ఫిగ్ ఫైల్‌కు (సెట్టింగులు ఉండే ఫైల్) 0644 పర్మిషన్ (యజమాని తప్ప వేరేవాళ్లు మార్చలేనిది) ఉందో లేదో చూడండి. చాలామంది మరిచిపోయేవి ఈ రెండే.

ఇంత చేసినా, ఇప్పటికే లోపలికి వచ్చినవాడు ప్యాచ్ (లోపం సరిచేసే అప్‌డేట్) వేసినంత మాత్రాన బయటికి పోడు. తెలియని అడ్మిన్ అకౌంట్లు, కొత్తగా చేరిన పీహెచ్‌పీ ఫైళ్లు ఉన్నాయా? ఒకే ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) నుంచి టికెట్ నంబర్లు వరుసగా తెరిచినట్టు లాగ్‌లలో (సర్వర్ రాసుకునే రికార్డుల్లో) ఉందా? చూడండి. డేటాబేస్ పాస్‌వర్డ్, టికెట్లు వచ్చే మెయిల్ పాస్‌వర్డ్ మార్చండి. లాగ్‌లను మాత్రం చెరపకండి. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. డేటా లీక్ లాంటివి తెలిసిన 6 గంటల్లోపు వాళ్లకు తెలియజేయాలి.

*మా ఆఫీసు మాదాపూర్‌లో. సోలార్‌విండ్స్ కంపెనీ వెబ్ హెల్ప్ డెస్క్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం. 2024లో ప్యాచ్ వేశాం. మళ్లీ వేయాలంటే మేనేజర్ వినడం లేదు.*

ఈ వరుస ఆయనకు చూపించండి. 2024 ఆగస్టులో సీవీఈ-2024-28986 (సీవీఈ అంటే ఒక్కో లోపానికి ఇచ్చే గుర్తింపు నంబరు) బయటపడింది. తీవ్రత 10కి 9.8. బయటి నుంచి ప్యాక్ చేసి పంపిన డేటాను సాఫ్ట్‌వేర్ సరిగా పరీక్షించకుండా విప్పడం వల్ల, దాడి చేసేవాళ్లు సర్వర్ మీద తమ ఆదేశాలు నడిపించగలిగేవారు. దానికి హాట్‌ఫిక్స్ (అత్యవసరంగా ఇచ్చే ప్యాచ్) వచ్చిన కొద్ది రోజులకే, కోడ్‌లోనే రాసిపెట్టిన లాగిన్ వివరాలున్న మరో లోపం తేలింది. మొదటి ప్యాచ్‌ను దాటే దారిగా సీవీఈ-2024-28988 వచ్చింది. దాని ప్యాచ్‌నూ దాటేసే సీవీఈ-2025-26399కు 2025 సెప్టెంబరులో 12.8.7 హాట్‌ఫిక్స్ 1 ఇచ్చారు. కారే పైపుకు ఒకచోట టేపు చుడితే పక్క నుంచి కారినట్టు, మూలం అదే కాబట్టి దారులు కొత్తగా తెరుచుకున్నాయి. 2024లో వేసినదాన్ని నమ్ముకోవడం ప్రమాదం. కంపెనీ ఇచ్చిన తాజా వెర్షన్‌కు వెళ్లండి. అప్పటిదాకా ఆ సర్వర్‌ను ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉంచకుండా, వీపీఎన్ (అనుమతి ఉన్నవాళ్లకే దారిచ్చే కనెక్షన్) ద్వారానే అందేలా పెట్టండి.

*దిల్‌సుఖ్‌నగర్‌లో బీటెక్ చదువుతున్నాను. ఒక సంస్థ హెల్ప్‌డెస్క్‌లో ఇలాంటి లోపమే కనిపించింది. ఎంత డేటా వస్తుందో పరీక్షించి వాళ్లకు చెప్పనా?*

వద్దు తమ్ముడూ, కనిపించిన దగ్గరే ఆగిపో. అనుమతి లేకుండా వేరేవాళ్ల కంప్యూటర్‌లోకి వెళ్లడం, డేటా దించుకోవడం ఐటీ చట్టం 43వ సెక్షన్ కిందకు వస్తాయి. దురుద్దేశంతో చేశావని తేలితే 66వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. నీ సొంత టికెట్‌తో లోపం అర్థమయ్యేలా ఒక స్క్రీన్‌షాట్, తేదీ, పేజీ అడ్రసు రాసి ఆ సంస్థకు పంపు. వాళ్లు పట్టించుకోకపోతే సెర్ట్-ఇన్‌కు రాయి. ఇలాంటి లోపాల సమాచారాన్ని వాళ్లు తీసుకుంటారు.