మస్టాంగా, కమారోనా? ముందు 401(కె) జోలికి వెళ్లకండి

ప్రశ్న: నాకు 42 ఏళ్లు, డాలస్‌లో ఉద్యోగం, 24 శాతం ట్యాక్స్ శ్లాబు. 1967 మోడల్ కార్లు రెండు చూశాను. ఫోర్డ్ మస్టాంగ్ జీటీ 390కి 55 వేల డాలర్లు, షెవర్లే కమారో ఎస్‌ఎస్ 350కి 52 వేలు అడుగుతున్నారు. ఎమర్జెన్సీ ఫండ్ కాకుండా చేతిలో 25 వేలున్నాయి. మిగతా 30 వేలు పాత కంపెనీ 401(కె), అంటే ఉద్యోగంలో దాచుకున్న రిటైర్మెంట్ ఖాతా నుంచి తీద్దామనుకుంటున్నా. పెట్టుబడిగా ఏది మంచిది?

జవాబు: ముందు ఆ 30 వేల సంగతి చూద్దామండీ. మీకు 59½ ఏళ్లు నిండలేదు కాబట్టి 7,200 ఇన్‌కమ్ ట్యాక్స్, దానికి తోడు తీసిన మొత్తంపై 10 శాతం పెనాల్టీ 3,000, మొత్తం 10,200 డాలర్లు పోతాయి. టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కాబట్టి అంతటితో ఆగింది. పైగా ప్లాన్ వాళ్లు 20 శాతం ముందే పట్టుకుని 24 వేలే చేతికిస్తారు, అంటే కారుకు డబ్బు అక్కడే చాలదు, మిగతా 4,200 రిటర్న్ వేసేటప్పుడు మీరే కట్టుకోవాలి. దయచేసి ఈ పని చేయకండి. ఆ డబ్బును ఐఆర్‌ఏలోకి (సొంతంగా తెరుచుకునే రిటైర్మెంట్ ఖాతాలోకి) మార్చుకుని అక్కడే పెరగనివ్వండి.

ఇక కార్లు. కాగితం మీద మస్టాంగ్‌దే పైచేయి: 6.4 లీటర్ల (390 క్యూబిక్ అంగుళాల) వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజన్, 320 హార్స్‌పవర్. కమారోది 5.7 లీటర్లు, 295. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) రెండిటికీ 108 అంగుళాలే. ఆ రోజుల్లో ఇంజన్‌ను విడిగా స్టాండ్ మీద పెట్టి కొలిచేవారు, కారులో బిగించాక అంత రాదు, అందుకే ఆ 25 హార్స్‌పవర్ తేడాకు నేనైతే ఒక్క డాలర్ కూడా ఎక్కువ ఇవ్వను. 390 ఇంజన్ బరువుకు మస్టాంగ్ మలుపుల్లో తేలిగ్గా తిరగదు, బానెట్ కింద చెయ్యి దూరే చోటుండదు కాబట్టి స్పార్క్ ప్లగ్గులు మార్చడం కూడా పెద్ద పనే. కమారోకు వెనక ఒకే పట్టీ ఉన్న లీఫ్ స్ప్రింగులు, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే యాక్సిల్ ఎగిరెగిరి పడుతుంది. అయినా నడపడానికి నాకు కమారోనే ఇష్టం.

కానీ మీరు డబ్బు పోసేది ఎస్‌ఎస్ అన్న పేరుకి. 1967 కమారో విన్ నంబర్ (ప్రతి కారుకూ కంపెనీ ఇచ్చే గుర్తింపు నంబర్) చూస్తే వీ8 అని తెలుస్తుంది, ఎస్‌ఎస్ అని తెలియదు. మామూలు కమారోకు బ్యాడ్జీలు తగిలించి ఎస్‌ఎస్ అని అమ్మేవాళ్లున్నారు, గట్టి రుజువు లేకపోతే మామూలు కమారో ధరే ఇవ్వండి. మస్టాంగ్‌కు ఆ టెన్షన్ తక్కువ: విన్‌లో ఐదో అక్షరం ఎస్ అయితే ఫ్యాక్టరీలోనే 390 పెట్టినట్టు, జీటీనో కాదో ఫోర్డ్ రికార్డుల నుంచి తీసే మార్టి రిపోర్ట్ చెబుతుంది. రేపు అమ్ముకునేటప్పుడు కూడా ఆ కాగితమే ధర నిలబెడుతుంది. లాభం వస్తే ట్యాక్స్ కట్టాలి, సొంతానికి వాడుకున్న కారులో నష్టం వస్తే అది ట్యాక్స్‌లో తగ్గించరు. అందుకే దీన్ని పెట్టుబడి ఖాతాలో రాయకండి, సరదా ఖాతాలో రాయండి.

ఆ రెండిటిలోనే ఒకటి కావాలంటే మస్టాంగ్ కొనండి, కాకపోతే నెలకు 1,250 పక్కన పెట్టి రెండేళ్ల తర్వాత. ఆగలేనంటే 1967 మస్టాంగ్ కూపేలోనే 289 ఇంజన్, 200 హార్స్‌పవర్‌ది మీ 25 వేల లోపు వెతకండి. ముందు భాగం తేలిక, ఆ ఒక్క మోడల్ ఏడాదిలోనే 4,70,000కు పైగా మస్టాంగ్‌లు తయారయ్యాయి కాబట్టి విడిభాగాలకు కొరత లేదు. ఇన్సూరెన్స్ మాత్రం 'అగ్రీడ్ వాల్యూ' పాలసీ (కారు విలువను ముందే ఒప్పుకునేది) అడగండి. బేరం ముందు విండ్‌షీల్డ్ కింద ఉన్న జాలీలో ఒక బకెట్ నీళ్లు పోసి లోపల కార్పెట్ తడుస్తుందేమో చూడండి, తడిస్తే తుప్పు పట్టినట్టే, ఆ కారు వదిలేయండి.