చెట్టు పచ్చవడ్డదని యూరియా గుమ్మరించకు అల్లుడూ

అల్లుడూ,

రాత్రి నువ్వు ‘మామా బత్తాయి ఆకులన్నీ పచ్చగైనయ్’ అని మెసేజ్ పెడితే ముందుగాల సంతోషపడ్డ, మన దిక్కు పచ్చ అంటే ఆకుపచ్చనా పసుపుపచ్చనా ఎవలకు తెలుసు. పొద్దుగాల చిన్నోని ఫోన్ల ఫోటోలు పెద్దగ చేసి చూస్తే గని అది పసుపని అర్థం కాలె. దానెంబడి మందుల దుకాణపోడు రాసిచ్చిన చీటీ గూడ చూసిన, పదిహేను వేల బిల్లు, అందుల మూడు డబ్బాలు లోపల ఒకటే సరుకు, పైన బొమ్మలే వేరు. ఆ చీటీ జేబులనే ఉంచు, ఇంక ఏం కొనకు. ఫోన్ల ఇదంత చెప్తే నువ్వు మీటింగ్ల ఉన్న మామా అంటవ్, అందుకే రాస్తున్న, తీరిక దొరికినప్పుడు రెండుసార్లు చదువు.

మొట్టమొదలు ఒక పని చెయ్. శనివారం తోటకు పోయినప్పుడు పాలిపోయిన ఆకు తెంపి నడిమీనె పొంటి మడతపెట్టి చూడు. కుడిపక్క పసుపు ఎట్లున్నదో ఎడమపక్క గూడ అట్లనే ఉంటే అది తిండి లోపం, మనం సవరించుకోవచ్చు. ఒకపక్క మరక ఒక తీరు, ఇంకోపక్క ఇంకో తీరు ఉంటే మాత్రం గ్రీనింగ్ తెగులేమో అని అనుమానపడాలె, అది సిల్లా పురుగు అంటించేది, దానికి ఎరువు ఎంత పోసినా బూడిదల పోసినట్టే. కొండమల్లేపల్లిల ఉద్యాన పరిశోధన స్థానం ఉన్నది, నీ తోటకు పోయే సాగర్ రోడ్డు మీదనే గదా, ఆ కొమ్మ తీస్కపోయి వాళ్ళకు చూపియ్.

తిండి లోపమే అయితే ఏ ఆకు పాలిపోయిందో చూడాలె, లేత ఆకా ముదురు ఆకా. ముదురాకు మొత్తం ఒక్కతీరుగ పాలిపోతే నత్రజని తక్కువైనట్టు. ముదురాకే, కని తొడిమ దిక్కు పచ్చటి త్రికోణం మిగిలి చుట్టూ పసుపైతే మెగ్నీషియం. లేత ఆకు చిన్నగ సన్నగ అయి ఈనెల నడుమ పసుపు మచ్చలు పడితే జింకు. లేత ఆకు మొత్తం తెల్లగ పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చ దారంతోని అల్లిన వల లెక్క కనవడితే ఐరన్. నీ ఫోటోలల్ల నాకు కనవడ్డది ఈ వలనే, కొన్నిటికి జింకు గూడ ఉన్నది. మరి దుకాణపోడు రాసింది ఏంది, యూరియా రెండు దఫాలు! చెట్టు అడిగేది ఒకటి, పెట్టేది ఇంకొకటి.

అయితే భూమిల ఐరన్ లేదని గూడ అనుకోకు. మన ఎర్రచెలకల ఆ ఎరుపే ఇనుముది. ఉన్నది గని చెట్టు నోటికి అందుతలేదు, అదీ సంగతి. ఎందుకో తెల్వాలంటే తవ్వాలె. రెండు చెట్ల నడుమ గడ్డపార పట్టి మూడు ఫీట్ల గుంత తియ్, నువ్వే తియ్, కూలోళ్ళకు చెప్పి గట్టు మీద కూసోకు. నీ తోటకు అవతల మా బామ్మర్ది తోట ఉండె, పైన ఫీటున్నర మంచి చెలక, దాని కింద తెల్లటి సుద్ద. ఆ సుద్ద గడ్డ మీద బాత్రూం కడిగే యాసిడ్ రెండు చుక్కలు ఏస్తే బుస్సుమని నురగ లేచింది, సోడా కొట్టినట్టు. (కండ్లకు దూరంగ పెట్టుకోని ఎయ్, గ్లౌజులు తొడుగు, మళ్ళ మీ అమ్మ నన్ను తిడ్తది.) నురగ లేసిందంటే భూమిల సున్నం ఉన్నట్టు, సున్నం ఎక్కువున్న భూమిల ఐరన్, జింకు తాళం పడ్డట్టు ఉండిపోతయ్. బత్తాయికి భూమి పీహెచ్ (పులుపు, క్షారం కొలిచే లెక్క) 6.5 నుంచి 7.5 దాక ఉంటే హాయి, 8 దాటిందంటే ఇట్లనే పాలిపోతది. దానికి తోడు నువ్వు డ్రిప్ పొద్దుమాపు ఇడుస్తున్నవంట, సుద్ద నేలల ఎప్పుడూ తడి ఉంటే ఏరుకు గాలి ఆడక పాలిపోవుడు ఇంకింత ఎక్కువైతది. ముందు ఆ డ్రిప్ టైం తగ్గియ్, దీనికి పైసా ఖర్చు లేదు.

మట్టి పరీక్షకు ఇచ్చేటప్పుడు పైపైన గీకి ఇయ్యకు. అది వరి పొలం కాదు, చెట్ల ఏర్లు కిందికి పోతయ్. మొదటి ఫీటు మట్టి ఒక సంచిల, రెండో ఫీటుది ఒక సంచిల, మూడోది ఒక సంచిల, ఎనిమిది పది జాగలల్ల తీసి ఏ లోతుది ఆ లోతుతోనే కలిపి అర కిలో చొప్పున నీడకు ఆరబెట్టు. పాత యూరియా సంచిల మాత్రం కట్టకు, మొత్తం రిపోర్టే అబద్ధం అయితది. బోరు పది పదిహేను నిమిషాలు నడిచినంక ఒక బాటిల్ నీళ్ళు గూడ పట్టు, మన నల్గొండ దిక్కు నీళ్ళల్ల ఉప్పులు ఎక్కువ, బత్తాయి ఉప్పును ఓర్వదు. ఇవి పరీక్షకు ఇయ్య రాజేంద్రనగర్ పో, నీకు కొండాపూర్ నుంచి ఎంత దూరం, ఒకరోజు ఆఫీసుకు లేటు పో.

ఇగ నా కథ ఒకటి. 2009ల నా తోట మూడో ఏడు. చెట్లు మంచిగ ఎదగాలని ఆశపడి యూరియా డబుల్ జేసి, అదీ గుప్పిళ్ళతోని మొదట్ల పోసిన. లేత ఆకు ఇరగబడి వచ్చింది, నేను ఊర్ల అందరినీ పిలిచి చూపిచ్చిన. నెల తిరగకముందే ఆ లేతాకు మీదికి పాముపొడ పురుగు దిగింది, ఆనలు పడ్డంక మొదళ్ళ కాడ నీళ్ళు నిలిచి బంక కారుడు మొదలైంది. 11 చెట్లు పీకేసిన. నేను చూపియ్య పిలిచినోళ్ళే వాటిని పీక సాయం వచ్చిండ్రు.

అందుకే లెక్క తెలుసుకో. అయిదేండ్లు దాటిన సాతుగుడి బత్తాయి చెట్టుకు ఏడాదికి నత్రజని 1500 గ్రాములు, భాస్వరం 350, పొటాష్ 400 అని చెప్తరు. 1500 అనంగనే యూరియా సంచి దిక్కు ఉరకకు, అందుల సగమే రసాయన ఎరువు, పావు వంతు పెంట నుంచి, ఇంకో పావు వేపపిండో ఆముదం పిండో. అంటే చెట్టుకు యూరియా ఏడాదికి కిలో 630 గ్రాములు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 2 కిలోల 200, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 670 దాక, పిండి ఏడెనిమిది కిలోలు, పెంట 75 కిలోలు. సగం డిసెంబరు జనవరిల, సగం జూన్ జులైల. మట్టి రిపోర్టు వచ్చినంక అందులనుంచి తగ్గించుకోవచ్చు. భాస్వరానికి డీఏపీ మాత్రం వద్దు, ఎందుకంటే అందుల నత్రజని గూడ ఉంటది, లెక్క తప్పుతది, సూపర్ల అయితే గంధకం, కాల్షియం ఊరికెనే వస్తయ్. పొటాష్ మాత్రం ఎగ్గొట్టకు, కాయ సైజు దానిమీదనే. కొత్తపేట పండ్ల మార్కెట్ బాటసింగారం పోయింది గని చిన్న కాయను పక్కకు నెట్టే అలవాటు మాత్రం ఏడికీ పోలె.

నీ 440 చెట్లకు 75 కిలోల చొప్పున 33 టన్నుల పెంట కావాలె, ఊర్ల బర్లే లేవు పెంట ఏడికెళ్ళి వస్తది. దొరికినంత ఎయ్, మాగిందే ఎయ్, పచ్చిపెంట ఏస్తే దానెంబడి వేరుపురుగు వస్తది. మిగిలినదానికి మృగశిర ఆనలకు సాళ్ళ నడుమ జనుమో జీలుగనో చల్లి పూత మీద ఉన్నప్పుడు పైపైన కలియదున్ను. ట్రాక్టరోనికి లోతు దున్నమని చెప్పకు, తిండి గుంజే సన్న ఏర్లన్నీ తెగుతయ్.

ఎరువు మొదట్ల కాదు, మిట్టమధ్యాహ్నం చెట్టు నీడ అంచు పడే కాడ చుట్టూ గీత లెక్క చిన్న కాల్వ తీసి అందుల ఏసి మట్టి కప్పి నీళ్ళియ్. పైన చల్లి ఇడిస్తే సుద్ద నేలల యూరియా మస్తు గాలికే పోతది.

ఇప్పుడున్న పసుపుకు ఆకు మీద పిచికారీనే దారి. లీటరు నీళ్ళకు జింక్ సల్ఫేట్ 5 గ్రాములు, మాంగనీస్ సల్ఫేట్ 2, మెగ్నీషియం సల్ఫేట్ 2, ఫెర్రస్ సల్ఫేట్ 2, బోరిక్ యాసిడ్ 1, సున్నం 6, యూరియా 10. సున్నం వేరే బకెట్ల కరిగించి బట్టతోని వడగట్టి కలుపు, అది లేకపోతే ఆకు మాడుతది. కొత్త చిగురు వచ్చి ఆకు ఇప్పుకుంటున్నప్పుడు సాయంత్రం పూట కొట్టు. నీ చీటీల ఉన్న ఈడీటీఏ రకం ఐరన్ మందు సున్నం భూమిల నిలువదు, భూమికే ఇయ్యాలంటే ఈడీడీహెచ్ఏ రకం కావాలె, అది మస్తు పిరం, బాగ పాలిపోయిన చెట్లకు మాత్రమే. ఒక్కటి యాదుంచుకో, పాలిపోయిన పాత ఆకు మళ్ళ పూర్తిగ పచ్చగ కాదు, వచ్చే కొత్త ఆకును చూసి మందు పనిచేసిందో లేదో చెప్పాలె.

వచ్చే ఆదివారం పొద్దుగాల ఆరింటికి ఎల్బీనగర్ చౌరస్తల నిలబడ్త, కార్ల ఎక్కించుకో. గడ్డపార నేను తెస్త, యాసిడ్ బాటిల్ నువ్వు తే. మీ అమ్మకు చెప్పు, తొవ్వల మాల్ ఊర్ల టిఫిన్ చేస్తం, డబ్బా కట్టకుమని.

మీ మామ